ఖరీఫ్‌లో బయటపడ్డ తప్పు

ఖరీఫ్ అనగానే మనకు వరినాట్లు గుర్తొస్తాయి. ఒమన్‌లోని సలాలాలో అదే మాటకు అర్థం జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా కురిసే జల్లులు. గల్ఫంతా మాడిపోతుంటే ఇక్కడి కొండలు పచ్చబడతాయి, జనం తరలివస్తారు. అలాంటి ఓ ఖరీఫ్‌లో, దుకాణం కిటకిటలాడుతున్న వేళ, నేను రాసిన బిల్లింగు ప్రోగ్రాము ఆగిపోయింది.

తప్పు నాదే. ప్రోగ్రాము పైథాన్‌లో రాశాను. సీజను తగ్గింపును ఫైల్లోంచి చదివి ధరలోంచి తీసెయ్యాలి. కానీ ఫైల్లోంచి వచ్చింది అంకె కాదు, అంకెలా కనిపించే స్ట్రింగు. అంకెలోంచి స్ట్రింగును తియ్యలేనని పైథాన్ మొరాయించింది. ఆ లైను సీజనులో తప్ప నడవదు, నేను పరీక్షించనూ లేదు. అందుకే అన్నాళ్లూ తప్పు దాక్కుంది.

పైథాన్, రూబీ, జావాస్క్రిప్ట్ డైనమిక్ భాషలు. వీటిలో టైపు విలువది, పేరుది కాదు. ఒకే పేరు కింద ఇప్పుడు అంకె, కాసేపటికి స్ట్రింగు ఉండొచ్చు. పొరపాటు ఆ లైను నడిచినప్పుడే తెలుస్తుంది. జావాస్క్రిప్ట్ అయితే కొన్నిసార్లు అప్పుడూ చెప్పదు: "5" అనే స్ట్రింగుకు 3 కలిపితే "53" చేతిలో పెడుతుంది. జావా వంటి స్టాటిక్ భాషల్లో పేరు టైపు ముందే ఖాయం. ఏడాదికోసారి నడిచే లైనునైనా కంపైలరు ముందుగానే తనిఖీ చేస్తుంది.

మరి జావాలో రాసుంటే సరిపోయేదా? ఈ తప్పు దొరికేది. రెండోది దొరికేది కాదు. రూపాయికి 100 పైసలు, ఒమానీ రియాలుకు 1000 బైసాలు. నేను అలవాటుకొద్దీ మొత్తాన్ని రెండు దశాంశ స్థానాలకు కుదించాను. 12.344 రియాళ్ల బిల్లు 12.34 అయింది, నాలుగు బైసాలు మాయం! అన్నీ అంకెలే కనుక కంపైలరుకు అభ్యంతరం ఉండదు. రూపాయి, రియాలు అని వేర్వేరు టైపులు మనమే తయారుచేసి, కుదింపు నియమాన్ని వాటిలోనే పెడితే ఒకదాని చోట ఇంకోటి వాడినప్పుడు పట్టుకుంటుంది.

అయితే ఆ శ్రమ ఊరికే రాదు. దుకాణదారు రోజుకో మార్పు అడుగుతున్నప్పుడు పైథాన్ వల్లే నెగ్గుకొచ్చాను. ఈ బేరం తెలిసే రెండు పక్షాలూ దగ్గరవుతున్నాయి. సీ షార్ప్ 2010లో డైనమిక్ సదుపాయం చేర్చుకుంది. జావాస్క్రిప్ట్‌కు టైపులు జోడిస్తూ 2012లో టైప్‌స్క్రిప్ట్ వచ్చింది. 2015లో పైథాన్ 3.5 టైపు సూచనలకు చోటిచ్చింది. వాటిని పైథాన్ తానుగా తనిఖీ చెయ్యదు, మైపై వంటి పరికరం విడిగా నడపాలి.

ఇప్పుడు నా పద్ధతి ఇది: ఒకసారి వాడి పారేసే స్క్రిప్టుకు టైపులు రాయను. డబ్బు లెక్కకూ, బయటి ఫైలు లోపలికొచ్చే చోటా తప్పక రాస్తాను. తప్పు నా బల్ల దగ్గర దొరికితే పది నిమిషాల పని. కౌంటరు దగ్గర దొరికితే దాని ఖరీదు దుకాణదారు కడతాడు.