పద్మశ్రీయు - డోలిపాటయు

గ్రామ పెద్దలారా! పద్మ పురస్కారములను గూర్చి మీరు వినియే యుందురు. అవి యెట్టివో, మన ఖమ్మము-భద్రాచలము అడవి అంచునకు అవి యెట్లు వచ్చినవో నేడు మనవి చేసెదను.

భారత ప్రభుత్వము ఈ గౌరవములను 1954లో నెలకొల్పి, 1955లో పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ యని పేర్లిడినది. విజ్ఞానశాస్త్రము, వైద్యము, సాహిత్యము, కళలు, ప్రజాసేవ మొదలగు వానియందు విశేషకృషి చేసినవారికి రాష్ట్రపతి చేవ్రాలు గల సన్నదును, పతకమును ఒసగుదురు. ధన మీయరు. ఇది పూర్వపు రావుబహద్దూరు వంటి బిరుదము గాదు. పేరునకు ముందు గాని వెనుక గాని దీనిని తగిలింపరాదని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

ఖమ్మము చెంతనున్న రెడ్డిపల్లి వాస్తవ్యులు దరిపల్లి రామయ్యగారు ఊరూర మొక్కలు నాటి 2017లో పద్మశ్రీ నందిరి. మణుగూరు మండలమందలి కూనవరము వాస్తవ్యులు సకిని రామచంద్రయ్యగారు 2022లో నందిరి. వీరు కోయ డోలి కళాకారులు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల గాథలను తెలుగునందును కోయభాషయందును పాడెడివారు. ఈ గాథలు తరతరములుగా నోటినుండి నోటికి వచ్చినవి. డోలివారి కంఠమే కోయలకు పురాణగ్రంథము.

రామచంద్రయ్యగారు 2024లోను, రామయ్యగారు 2025లోను కీర్తిశేషులైరి. ఇచట మనము గమనింపవలసిన భేద మొకటి కలదు. నాటినవారు పోయినను చెట్టు తనంతట పెరుగును. పాట యట్లు గాదు. నేర్చినవాడు లేనిచో పాడినవానితోనే పోవును. పతకము కళాకారుని గౌరవించును గాని, కళను బ్రతికింపజాలదు.

కావున మీరు చేయదగిన పనులు రెండు. మొదటిది, మీ యూర నట్టి విద్వాంసు డున్నచో ఆయన పేరును సూచింపుడు. ఎవరైనను సూచింపవచ్చును. కేంద్ర హోంశాఖవారు ఏటేట గడువు ప్రకటింతురు. ఆ లోపల, ఆయన కృషిని 800 మాటలకు మించకుండ వ్రాసి ఇంటర్నెట్టు ద్వారా పంపవలెను. బడిపంతులుగారో, చదువుకొన్న మనుమడో తోడ్పడగలరు. గతించినవారికి ఈ గౌరవము మిక్కిలి అరుదుగా నిత్తురు గనుక జాగు చేయరాదు.

రెండవది అంతకంటె ముఖ్యము. దానికి గడువు లేదు, ఢిల్లీ యనుమతియు నక్కరలేదు. ఆ విద్వాంసుని యెదుట ఇద్దరు పిల్లలను కూర్చుండబెట్టి పాట నేర్పింపుడు. నా మనవి యింతియే. సెలవు.