నిద్రించు కారు

అనంతపుర సీమ కరవునకు పేరుపడిన మెట్టభూమి. చెరువు తూమునుండి నీరు బొట్టుబొట్టుగా కారుచుండ నిచ్చటి రైతు చూచి యూరకుండడు. బొట్టు చిన్నదే యైనను దినములు గడచినకొలది చెరువు అడుగంటునని యతడెరుగును. ఈ వివేకమే కార్లు నిర్మించువారికిని కావలసియున్నది.

విజయనగర రాజులకు రెండవ రాజధానియైన పెనుకొండకు చేరువను, ఎర్రమంచి గ్రామమున, కియా కంపెనీవారి కర్మాగారము కలదు. అనంతపురం జిల్లాకు చెందియుండిన ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఇచ్చటినుండి సెల్టాస్ అను మొదటి కారు 2019 ఆగస్టు 8వ తేదీన వెలువడినది. ఏటికి 3 లక్షల కార్లు చేయగలుగునట్లు దీనిని నిర్మించిరి.

తయారైన కారు వెంటనే యజమానిని చేరదు. లారీలపైనను ఓడలపైనను దూరదేశములకు పోవును. ఆవరణములలో వారముల తరబడి నిలిచియుండును. ఇంజను ఆగినను కారు పూర్తిగా నిద్రపోదు. గడియారము, దొంగలను పసిగట్టు సాధనము, తాళపుచెవి సంకేతమునకై కాచుకొనియుండు పరికరము, ఇవి బ్యాటరీనుండి కొంచెము కొంచెముగా విద్యుత్తును తీసికొనుచునే యుండును. 60 ఆంపియరు గంటల బ్యాటరీనుండి ఆంపియరులో ఇరువదవ వంతు ఎడతెగక పోవుచున్నచో, 1,200 గంటలలో, అనగా 50 దినములలో, అది రిక్తమగును. అంతకు ముందే ఇంజనును కదలించు శక్తి నశించును. రిక్తమై చాలకాలము నిలిచిన సీసపు బ్యాటరీ పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడును. పిమ్మట అది మునుపటివలె నిండదు.

కావున కారునకు పలు స్థితులు కల్పించిరి. కర్మాగారమున పనివారు మాటిమాటికి తలుపులు తెరచుచుందురు గనుక కొన్ని వాహనములలో దొంగగంట మ్రోగకుండ నుంచుదురు. రవాణా స్థితిలో అత్యవసరము కాని పరికరములకు విద్యుత్తును నిలిపివేయుదురు. కియా కార్లలో ఇందులకై ఫ్యూజుల పెట్టెలో ఒక స్విచ్చి యుండును. అమ్మకపు శాలలో దానిని మరల కలిపిన పిమ్మటనే కారు సాధారణ స్థితికి వచ్చును. కలుపుట మరచిన యెడల తాళపుచెవి సరిగా పనిచేయకపోవచ్చును.

కారులోని చిన్న కంప్యూటరులకు సాఫ్టువేరు ఎక్కించునపుడు మాత్రము దీనికి భిన్నమైన జాగ్రత్త వలయును. అప్పుడు పొదుపు తగదు. పరికరములు మేల్కొని చాలసేపు విద్యుత్తును గ్రహించును. నడుమ విద్యుత్తు తగ్గినచో వ్రాత సగములో నిలిచి, ఆ కంప్యూటరు పనికిరాకపోవచ్చును, కారు కదలకపోవచ్చును. అందుచే నిపుణులు బయటి విద్యుత్ సాధనమును తగిలించి, బ్యాటరీ బలము తగ్గకుండ కాపాడుచు ఆ పని ముగింతురు.

తూమును మూయవలసినపుడు మూయుటయు, పైరునకు నీరు కావలసినపుడు నిండుగా తెరచుటయు తెలిసినవాడే మంచి రైతు. మంచి పనివానికిని అదియే లక్షణము.