పేలుడు మందులో ఉప్పు

అమ్మడూ, ఒక ప్రశ్న అడుగుతా, ఆలోచించి చెప్పు. కిలో నెయ్యిలో శక్తి ఎక్కువా, కిలో నైట్రోగ్లిజరిన్ అనే పేలుడు మందులో ఎక్కువా? నెయ్యిలోనే తల్లీ! ఐదారు రెట్లు ఎక్కువ. మరి దీపంలో నెయ్యి పేలదేం? అది కాలడానికి ఆక్సిజన్ చుట్టూ ఉన్న గాలిలోంచి మెల్లగా అందాలి. నైట్రోగ్లిజరిన్ అణువు తనకు కావలసిన ఆక్సిజన్‌ని తనలోనే పెట్టుకుని ఉంటుంది. అది పేలిందంటే ఆ పేలుడు సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. ద్రవమంతా ఒక్కసారిగా కాగిపోయిన వాయువై రాతిని చీల్చేస్తుంది.

అందుకే గనివాళ్ళ తిప్పలన్నీ అదుపు కోసమే. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ అని రాగి, తగరం గనులున్న చోటు. రాతికి బెజ్జం వేసి, తుపాకిమందు కూరి, గడ్డిపోచలోనో బాతు ఈకలోనో అదే మందు నింపి అంటించేవారు. ఒకటి రెప్పపాటులో కాలిపోయేది. ఇంకొకటి ఆరిపోయిందనుకుని చూడబోయినవాడి మొహం మీదే పేలేది. విలియం బిక్‌ఫోర్డ్ అనే తోలు వ్యాపారి ఆ చావులు చూసి ఊరుకోలేకపోయాడు. తాడు పేనినట్టే, మందును నడుమ ఉంచి చుట్టూ జనపనార పేని, తడి తగలకుండా పూత పూసి వత్తి చేశాడు. 1831లో పేటెంట్ తీసుకున్నాడు. అడుగు వత్తి కాలడానికి దాదాపు అర నిమిషం. ఎంత దూరం పోవాలో అంత పొడుగు కోసుకోవచ్చు! నోబెల్ పేరు అందరికీ తెలుసు గానీ, నాకు ఈ బిక్‌ఫోర్డ్ అంటేనే ఎక్కువ గౌరవం.

నోబెల్‌దీ అదే చిక్కు. 1864లో స్టాక్‌హోమ్‌లో నైట్రోగ్లిజరిన్ చేసే వాళ్ళ షెడ్డు పేలి తమ్ముడు ఎమిల్ పోయాడు. నైట్రోగ్లిజరిన్‌ని ఒక రకం గుల్ల మట్టిలో ఇంకించి, 1867లో డైనమైట్ తెచ్చాడు. మూడేళ్ళలో ఫ్రాన్స్, ప్రష్యాల యుద్ధం. అప్పుడే అది సైన్యాల చేతికీ వెళ్ళింది.

ఇక మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జూన్ 7న బెల్జియంలోని మెసీన్ దగ్గర జరిగింది వింటే మనసు కలుక్కుమంటుంది. గని కార్మికుల చేత జర్మన్ కందకాల కిందకి సొరంగాలు తవ్వించి, బ్రిటిష్ సైన్యం 400 టన్నులకు పైగా మందు కూరి, 19 చోట్ల పేల్చింది. బొగ్గు తవ్వి పిల్లల్ని సాకిన చేతులమ్మా అవి! పేలకుండా మిగిలినవాటిలో ఒకటి 1955లో పిడుగు పడి పేలింది.

బొగ్గుగనిలో మందు సంగతే వేరు. అక్కడ పేలుడు వెంట వచ్చే మంటే యముడు. గనిలోని మీథేన్ వాయువు అంటుకుంటే బొగ్గు ధూళీ అందుకుంటుంది. అందుకని, బలం తగ్గినా సరేనని మందులో మామూలు ఉప్పు కలుపుతారు. ఉప్పు వేడిని లాగేసుకుని మంటను అణుస్తుంది. మన సింగరేణి భూగర్భ గనుల్లో వాడేదీ అలా ప్రత్యేకంగా అనుమతించిన మందే. అయినా అదొక్కటే నమ్ముకోరు. మందు పేల్చే షాట్‌ఫైరర్ ముందు గ్యాస్ ఉందేమో పరీక్షించి, అందరినీ దూరంగా పంపించాకే పేల్చాలి.