డబ్బాపై మాట, డబ్బాలోని నూనె

సికింద్రాబాదు రాణిగంజ్ ప్రాంతమున మోటారు సామానుల దుకాణములు పెక్కు కలవు. ఇంజను ఆయిలు కొనవచ్చిన గృహస్థు ముందు దుకాణదారు మూడు డబ్బాలు పెట్టును. ఒకదానిపై మినరల్ అనియు, రెండవదానిపై సెమీ సింథటిక్ అనియు, మూడవదానిపై సింథటిక్ అనియు వ్రాసి యుండును. మాట మారినకొలది వెల పెరుగును. "సెమీ అన్నారు గదా, ఇందు సింథటిక్ ఎన్ని పాళ్లు?" అని అడిగినచో దుకాణదారు చెప్పజాలడు, సాధారణముగా డబ్బాయు చెప్పదు. దీనికి కారణమేమో విచారింతము.

ఇంజనులో నూనె ఒరయు లోహముల నడుమ పొరగా నిలువవలెను, వేడిని మోసికొని పోవలెను, మసిని పట్టి యుంచవలెను, తుప్పు రానీయరాదు. సికింద్రాబాదు ముఖ్యస్థానముగా గల నిజాము రాష్ట్ర రైల్వే 1932 జూనులో 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించిన కాలమున ఇంజను నూనె యనగా చాలవరకు ముడిచమురునుండి తీసి శుద్ధిచేసిన నూనెయే. కొబ్బరినూనె పుష్యమాసమున పేరుకొనుట, వైశాఖమున నీళ్లవలె పారుట మనమెరుగుదుము. ముడిచమురునుండి తీసిన నూనెయు చలికి చిక్కబడి వేడికి పలుచబడును.

నేటి డబ్బాలో మూలనూనె నూటికి 75 మొదలు 90 పాళ్ల వరకు ఉండును. తక్కినవి అడిటివులు అనబడు చేర్పులు. మసిని విడదీయునవి, అరుగుదలను తగ్గించు జింకు సమ్మేళనము, నూనెను వేడికి మరీ పలుచబడనీయని పాలిమరులు మున్నగునవి వీనిలో చేరును. ఇవి చాలవరకు రసాయన కర్మాగారములలో తయారైనవే. అనగా మినరల్ అని వ్రాసిన డబ్బాలోను సింథటిక్ పదార్థము కొంత ఉండనే యున్నది. కూర తూకములో పోపును లెక్కింపనట్లు, వ్యాపారులు దీనిని లెక్కలోనికి తీసికొనరు. వారి వాదమంతయు మూలనూనెను గూర్చియే.

అమెరికను పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అనగా ఎ.పి.ఐ., మూలనూనెలను ఐదు తరగతులుగా విభజించినది. మొదటి రెండును ముడిచమురునుండి శుద్ధిచేసినవి. రెండవదానిలో గంధకము మిక్కిలి తక్కువ. మూడవ తరగతి నూనెను గొప్ప ఒత్తిడిలో హైడ్రోజను వాయువుతో చర్యకు లోనుచేసి, దాని అణువుల రూపమునే మార్చి తయారుచేయుదురు. నాలుగవది చిన్న అణువులను ఒకదానితో నొకటి కూర్చి కట్టిన పాలీ ఆల్ఫా ఓలిఫిన్. ఎస్టరులు మున్నగు తక్కినవన్నియు ఐదవ తరగతి.

నాలుగవ తరగతి సింథటిక్ అనుటలో తగవు లేదు, తగవంతయు మూడవదానితోనే. పాత నగను కరిగించి కంసాలి మరల పోసినచో అది కొత్త నగయా, పాత బంగారమా? ఈ ప్రశ్నయే అమెరికాలో మోబిల్, కాస్ట్రాల్ కంపెనీల నడుమ వివాదమైనది. మూడవ తరగతి నూనెను సింథటిక్ అని ప్రకటించుట తగదని మోబిల్ ఫిర్యాదు చేయగా, అచ్చటి ప్రకటనల విచారణ సంస్థ 1999లో కాస్ట్రాల్ పక్షమున తీర్పు చెప్పినది. నాటినుండి సింథటిక్ అను మాట మూడవ తరగతికిని చెల్లుచున్నది. ఇక సెమీ సింథటిక్ అనుటకు ఇన్ని పాళ్లు ఉండితీరవలెనను నియమము ఎ.పి.ఐ. ప్రమాణములలో లేదు.

మరియొక విశేషము. ఇంధనము ఆదాయగుటకై కార్ల కంపెనీలు పలుచని నూనెలను కోరసాగినవి. పలుచని నూనె వేడికి త్వరగా ఆవిరియగును. 2001లో వచ్చిన జి.ఎఫ్-3 అను కారు నూనెల ప్రమాణము, 250 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో ఒక గంట ఉంచినపుడు నూటికి 15 పాళ్లకు మించి ఆవిరి కారాదని విధించినది. మొదటి తరగతి నూనెతో పలుచని రకములు చేసి ఈ పరీక్షలో నెగ్గుట కష్టము. కావున తయారీదారులు సాధారణపు నూనెలలోను రెండవ, మూడవ తరగతుల నూనెలను వాడసాగిరి. అందుచే సింథటిక్ అను మాట లేని డబ్బాలో మూడవ తరగతి నూనె ఉండవచ్చును. ఆ మాట ఉన్న డబ్బాలోనిది ముడిచమురునుండి వచ్చినదే కావచ్చును.

అట్లని సింథటిక్ నూనె వట్టి ఆడంబరము కాదు. గడ్డకట్టు చలిలోను అది సులభముగా పారును. వేడికి త్వరగా చెడదు. మొదటి గుణముతో సికింద్రాబాదు వాసికి అంతగా పని లేదు. రెండవది మే నెల ఎండలో, వాహనముల రద్దీలో ఆగి ఆగి నడచు బండికి ఉపకరించును. మితముగా నడచు పాత మోటారుసైకిలునకు మాత్రము, కంపెనీవారు చెప్పిన మినరల్ నూనెను వేళకు మార్చుచుండిన చాలును.

కావున గృహస్థు పెద్ద అక్షరములను విడిచి చిన్న అక్షరములను చదువవలెను. బండితో ఇచ్చిన పుస్తకములో 20డబ్ల్యు-40 అనియో, 5డబ్ల్యు-30 అనియో చిక్కదనము వ్రాసి యుండును, ఎ.పి.ఐ. అక్షరములును ఉండును. ఆ రెండును డబ్బాపై సరిపోవలెను. అనేక మోటారుసైకిళ్లలో క్లచ్చి ఇంజను నూనెలోనే మునిగియుండును. కార్లకై చేసిన కొన్ని నూనెలు దానిని జారునట్లు చేయును. కావుననే జపానువారు 1998లో జాసో ఎం.ఎ. అను గుర్తును ఏర్పరచిరి. స్కూటరు పుస్తకములో ఎం.బి. అని ఉన్నచో ఆ గుర్తు గల నూనెనే కొనవలెను.

డబ్బా మూత సీలు చెక్కుచెదరకుండ ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఖాళీ డబ్బాను మేస్త్రీకి వదలక, నకిలీ నూనె నింపుటకు వీలులేకుండ కోసివేయుట మేలు. వాడిన నూనెను మురుగుకాలువలో పోయరాదు. దానిని సేకరించి శుద్ధిచేయు అనుమతి గలవారికే చేర్చవలెను. మరల దుకాణమునకు పోవునపుడు బండి పుస్తకమును వెంట తీసికొనిపోవుడు. ఎన్ని పాళ్లని అడిగిన జవాబు రాకపోవచ్చును. ఈ పుస్తకములోని గుర్తులు ఈ డబ్బాపై ఉన్నవా అని అడిగినచో, జవాబు మీ కన్నులయెదుటనే ఉండును.