బొంకులదిబ్బ దగ్గర

ప్రతిభ ఉన్నవాడు ఎక్కడున్నా రాస్తాడు, ఊరిదేముంది అని వాదించేవాణ్ణి. విజయనగరంలో చుట్టాలింటికి వెళ్ళి బొంకులదిబ్బ చూసొచ్చాక ఆ వాదనలో పస తగ్గింది. ‘కన్యాశుల్కం’లో గిరీశం మనకి మొదట కనిపించేది అక్కడే మరి.

గురజాడవారు అక్కడి మహారాజా కాలేజీలోనే చదివారు, అక్కడే పాఠాలు చెప్పారు, తర్వాత సంస్థానం కొలువులో ఉన్నారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళకి మహారాజావారు ఒక పట్టీ రాయించారు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు! అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. 1897లో నాటకం అచ్చు వేసినప్పుడు ఇంగ్లీషు పీఠికలో ఈ లెక్కలు ఆయనే ఇచ్చారు.

మా వంశంలోనూ అలాంటి పెళ్ళి ఒకటి జరిగిందని నాయనమ్మ చెప్పేది. ఆ పిల్ల పేరేమిటే అంటే, ఏమో, ఎవరికి గుర్తు అనేది. బుచ్చెమ్మ పేరు మాత్రం ఆవిడకి బాగా తెలుసు.

1883లో ఇంగ్లీషులో ‘సారంగధర’ కావ్యం రాసిందీ ఈ గురజాడే. ప్రతిభ అదే కదా, దాన్ని ఇప్పుడు చదివేదెవరు? ‘కన్యాశుల్కా’న్ని మాత్రం ఆయన 1909లో బాగా పెంచి తిరగరాశారు. ప్లీడర్లూ, వైదికులూ, పూటకూళ్ళమ్మా, మధురవాణీ, అందరూ ఆ చుట్టుపక్కల మనుషులే. మాట్లాడేదీ ఆ వీధుల తెలుగే. హాస్టల్లో నలుగురూ నవ్వుతారని నేను దాచుకుంటూ వచ్చిన యాస కూడా దానికి దగ్గరిదే.