ఎడమచేతి కింద వాద్యబృందం

వాద్యకారుడు ఎడమచేతితో రెండు మూడు మీటలు కలిపి నొక్కగానే డ్రమ్స్, బాస్, గిటార్, వయొలిన్ల వంటి వాద్యాలన్నీ ఆ స్వరాలకు తగ్గట్టు కదిలేలా చేసే పరికరాన్ని అరేంజర్ కీబోర్డ్ అంటారు. అలా వెన్నంటి మోగే సంగీతపు నమూనాకు స్టైల్ అని పేరు. పైకి స్టైల్ ముందే రికార్డు చేసి ఉంచిన పాటముక్కలా అనిపించినా, అసలు అది కార్డ్‌కు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తికి, ఎలా బదులివ్వాలో చెప్పే నియమాల సంపుటి. వాద్యకారుడు ఏ కార్డ్ పట్టుకోబోతున్నాడో స్టైల్ తయారుచేసినవారికి తెలియదు కనుక, ఆ కళ అంతా ఈ నియమాలను ముందుచూపుతో కూర్చడంలోనే ఉంది.

ఈ యంత్రవంశానికి మూలం ఇళ్ళలో వాడే ఆర్గాన్. 1959లో అమెరికాకు చెందిన వుర్లిట్జర్ సంస్థ, ఆర్గాన్ పక్కన ఉంచి వాడుకోవడానికి సైడ్‌మన్ అనే లయయంత్రాన్ని విడుదల చేసింది. అందులో మోటారుతో తిరిగే చక్రం విద్యుత్ స్పర్శల మీదుగా సాగుతూ వాక్యూమ్ ట్యూబుల చేత దెబ్బల ధ్వనులు పలికించేది. 1967లో జపాన్‌లో ఇకుతారో కాకెహాషి రూపొందించిన ఏస్‌టోన్ రిథమ్ ఏస్ ఆ చక్రాన్ని తొలగించి, ఏ దెబ్బ ఎప్పుడు పడాలో డయోడ్ల అల్లిక ద్వారా నిర్ణయించింది. ఫ్యాక్టరీ ఇచ్చిన 16 లయలతో తృప్తిపడనివారు రెండు బొత్తాలు ఒకేసారి నొక్కి మిశ్రలయను పుట్టించుకునే వీలు అందులో ఉండేది. సొంత స్టైల్ అనే కోరికకు తొలి ఆనవాలు అక్కడే కనిపిస్తుంది. కాకెహాషి 1972లో రోలండ్ సంస్థను స్థాపించగా, ఆ సంస్థ 1978లో తెచ్చిన సీఆర్-78 వాద్యకారుడు తానే కట్టుకున్న లయను జ్ఞాపకంలో దాచుకోనిచ్చింది.

ఫ్యాక్టరీ అమర్చిన నమూనాకు ఎంత బలం ఉండగలదో 1981 నాటి కాసియో ఎంటీ-40 చూపించింది. సంస్థలో కొత్తగా చేరిన సంగీతశాస్త్ర పట్టభద్రురాలు హిరోకో ఒకుడా అందులో రాక్ పేరుతో కూర్చిన బాస్ వరస 1985లో జమైకాలో వేన్ స్మిత్ పాడిన పాటకు ఆధారమై, రెగే సంగీతాన్ని కంప్యూటర్ లయల వైపు మళ్ళించింది.

1983లో వాద్యయంత్రాల ఉమ్మడి భాషగా మిడి వచ్చాక స్టైల్‌ను ధ్వనిగా కాక, ఏ మీట ఎప్పుడు ఎంత బలంగా నొక్కాలనే ఆజ్ఞల వరసగా రాయడం సాధ్యమైంది. యమహా వాద్యాల పద్ధతిని తీసుకుంటే, ఒక స్టైల్‌లో పాటకు ముందు వచ్చే ఇంట్రో, చరణాలకు తోడు నిలిచే మెయిన్, మలుపుల్లో వాయించే ఫిల్, ముగింపు అనే విభాగాలు ఉంటాయి. ప్రతి విభాగంలోనూ లయకు రెండు, బాస్‌కు ఒకటి, కార్డ్‌కు రెండు, వెనకాల నిలకడగా సాగే స్వరాల ప్యాడ్‌కు ఒకటి, చిన్న పలుకుబడులకు రెండు చొప్పున మొత్తం ఎనిమిది దారులు ఉంటాయి.

తయారుచేసేవారు ఈ దారులను మామూలుగా సి మేజర్ సెవెన్త్ అనే మూలకార్డ్‌లో వాయించి రికార్డు చేస్తారు. సి స్వరాన్ని షడ్జమంగా భావిస్తే, బాస్‌కు వాడదగినవి స, రి, గ, ప, ద, ని మాత్రమే. మధ్యమాన్ని వదిలేయమంటారు, ఎందుకంటే అది పక్కనే ఉన్న గాంధారంతో ఒరుసుకుని, కార్డ్ మారినప్పుడు అపస్వరంగా తేలుతుంది. తరువాత ప్రతి దారికీ మార్పు నియమాన్ని ఎంచాలి. మొదటి నియమం ప్రకారం ఆధారస్వరంతో పాటు వరస మొత్తం జరుగుతుంది: సి-ఈ-జి అని వాయించినది ఎఫ్ కార్డ్ పట్టగానే ఎఫ్-ఏ-సి అవుతుంది. రెండవ నియమం ప్రకారం స్వరాలు దూరం జరగకుండా దగ్గరి చోటికే సర్దుకుంటాయి: అదే వరస సి-ఎఫ్-ఏ అవుతుంది. బాస్‌కు మొదటిది, పియానో కార్డ్‌లకు రెండవది నప్పుతుంది. దీనికి తోడు మరో పట్టిక కార్డ్ స్వభావాన్ని చూసుకుంటుంది. సి మైనర్ పట్టుకుంటే అంతర గాంధారాన్ని సాధారణ గాంధారానికి దించేది ఆ పట్టికే. ఈ రెండు ఎంపికల్లో తేడా వస్తే ఎంత అందంగా వాయించిన వరసైనా రెండో కార్డ్ దగ్గరే చెడిపోతుంది.

లయ దారి సంగతి వేరు. డ్రమ్ కిట్‌లో ఒక్కొక్క మీట ఒక్కొక్క వాద్యం. 1991 నాటి జనరల్ మిడి ప్రమాణం ప్రకారం 36వ సంఖ్య బాస్ డ్రమ్, 38వ సంఖ్య స్నేర్. లయ దారిని కూడా కార్డ్ వెంట జరగనిస్తే, డి కార్డ్ పట్టగానే అంతా రెండు మెట్లు పైకి జరిగి బాస్ డ్రమ్ పడవలసిన చోట స్నేర్ పడుతుంది. అందుకే ఈ దారిని ఏ మార్పూ లేకుండా దాటవేసే నియమం ఒకటి పెట్టారు.

డ్రమ్స్ కోసం ఏర్పడిన ఆ నియమం మన సంగీతానికి అనుకోని మేలు చేసింది. స్టైల్ యంత్రం పాశ్చాత్య కార్డ్‌ల మీద నమ్మకంతో పుట్టింది. కర్ణాటక సంగీతంలో కార్డ్ లేదు, శ్రుతి ఉంది. ప్యాడ్ దారిలో షడ్జమ పంచమాలను మాత్రమే రాసి, స్వరాలు స్థిరంగా ఉండేలా ఆ దాటవేత నియమాన్ని ఇస్తే, ఎడమచేయి ఏ కార్డ్ పట్టినా తంబూర కదలదు. తెలుగు చర్చిలలో, భజనల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాలలో కీబోర్డ్ కళాకారుడు ఒక్కడే తబలా, ఢోలక్‌ల లోటు కూడా పూరించవలసి వస్తుంది కనుక, ఇటువంటి సొంత కూర్పుల విలువ ఇక్కడ మరీ ఎక్కువ.

అయితే తబలా జంటలోని డగ్గా మీద మణికట్టు నొక్కి పలికించే జారుడు ధ్వనిని లొంగదీయడం ఇప్పటికీ కష్టమే. యంత్రంలో అది ఒక మీటకు కట్టిన, నిడివి ముందే స్థిరపడిన ముక్క. వేగం తగ్గిస్తే దెబ్బల మధ్య దూరం పెరుగుతుంది గానీ జారుడు సాగదు, ఖాళీ బయటపడుతుంది. అనుభవజ్ఞులు విలంబానికి ఒకటి, ద్రుతానికి ఒకటి చొప్పున వేర్వేరు మెయిన్ విభాగాలు రాసి, దెబ్బలను గీత మీద కచ్చితంగా కూర్చోబెట్టకుండా కొన్నింటిని రవ్వంత వెనక్కి జరిపి ఆ లోటును చాలావరకు కప్పగలుగుతున్నారు.