చేతిలో కొత్త ఫోన్.. తలలో 50 కోట్ల ఏళ్ల పాత సర్క్యూట్!

రెండు వారాల కింద బాపు ఊరి నుంచి సుబేదారిలోని నా రూమ్‌కి వచ్చాడు. నా చేతిలో రివ్యూకి తెచ్చిన ఫోన్. ఆయన ఏదో చెప్తున్నాడు, నా బొటనవేలు ఫీడ్‌ని లాగుతూనే ఉంది. కాసేపటికి "నీకు పనున్నట్టుంది బిడ్డా, నేను పోతా" అని లేచాడు. నిజానికి నాకే పనీ లేదు. చూసిన రీల్స్‌లో ఒక్కటీ గుర్తులేదు. మరెందుకు లాగినట్టు?

జవాబు స్క్రీన్‌లో లేదు, మెదడు లోతుల్లో ఉంది. ఇప్పుడు ఏ పని చేయాలో ఎంచుకునే అక్కడి భాగాల్ని బేసల్ గాంగ్లియా అంటారు. లాంప్రే అనే దవడల్లేని చేపలోనూ దాదాపు ఇదే డిజైన్ ఉంది. వాటి వంశం, మన వంశం విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటింది. అప్‌గ్రేడ్ లేకుండా ఇన్నేళ్లు నడిచిన హార్డ్‌వేర్ ఇంకోటి చూపించండి!

ఇందులో నడిచే సిగ్నల్ డోపమైన్. దాన్ని 'ఆనందం కెమికల్' అనేస్తాం కానీ అది సరికాదు. కెంట్ బెరిడ్జ్ ప్రయోగాల్లో డోపమైన్ దాదాపు పోయిన ఎలుకలు కూడా నోట్లో తీపి పడితే ఇష్టంగానే చప్పరించాయి. కానీ తిండి కోసం తమంతట తాము కదల్లేదు. అంటే డోపమైన్ పని నచ్చడం కాదు, కావాలనిపించడం. 1997లో షుల్ట్జ్, డయాన్, మాంటేగ్ ఇంకో ముక్క కలిపారు: అనుకున్నదానికన్నా ఎక్కువ దొరికితేనే ఈ సిగ్నల్ ఎగురుతుంది. తర్వాత ఏమొస్తుందో తెలియని ఫీడ్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

మనం కోడ్‌లో రాసే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ లెక్క కూడా ఇదే. ఆ లెక్కతోనే ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ వి. శ్రీనివాస చక్రవర్తి బృందం బేసల్ గాంగ్లియాకి కంప్యూటర్ మోడల్స్ కట్టింది. తెలుగులో సైన్స్ రాసే చక్రవర్తి ఈయనే.

సరే, నేనేం చేశాను? స్క్రీన్‌ని గ్రేస్కేల్‌లో పెట్టాను, రెండు రోజుల్లో అలవాటైపోయింది. నోటిఫికేషన్లు ఆపాను, కొంచెం నయం. బాగా పనిచేసింది మాత్రం ఫోన్‌ని పక్క గదిలో చార్జింగ్‌కి పెట్టడమే. పాత సర్క్యూట్‌కి బుద్ధి చెప్పలేం, ఎర కనబడకుండా చేయగలం.

మొన్న ఆదివారం ఊరికెళ్లాను, ఫోన్ బ్యాగులోనే. బాపు ఆ రోజు ఎందుకొచ్చాడో అప్పుడు తెలిసింది. బావి మోటార్‌ని ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్ ఏది మంచిదో నన్ను అడుగుదామని!